నిప్పుల మీద నడిపించే సెమినార్‌కు వెళ్లేముందు

నేను హనుమకొండలో బీమా ఏజెంటును. మా లైన్లో ఉన్నవాళ్లను ఎవరో ఒకరు ఎప్పుడూ ఏదో ఒక మోటివేషన్ క్లాసుకు పట్టుకుపోతూనే ఉంటారు. ఒకప్పుడు స్టేజీ మీద సార్ మాట్లాడేవారు, మేం చప్పట్లు కొట్టేవాళ్లం, భోజనం చేసి ఇంటికొచ్చేవాళ్లం. ఇప్పుడు నిప్పుల మీద నడవాలి, అరచేత్తో చెక్క పగలగొట్టాలి, సీసా పెంకుల మీద నిలబడాలి, గొంతుతో బాణం విరవాలి. "భయం పోతది అక్కా, ఒక్కసారి రా" అని మా బ్రాంచి పిల్లలు పిలుస్తుంటారు. పురుగుమందుల కంపెనీల సేల్స్ వాళ్లు, రియల్ ఎస్టేట్ వాళ్లు, మేము, అక్కడ కనిపించేది ఎక్కువగా ఈ మూడు జాతులే.

వెళ్లొద్దని చెప్పను. నాకు అవి ఇష్టమే. కాకపోతే ఒక మాట ముందే చెప్పాలి. ఏర్పాటు సరిగ్గా ఉంటే నిప్పుల మీద నడవడం ఆ రాత్రి మొత్తంలో తేలికైన పని, నాలుగైదు సెకన్లలో అయిపోతుంది. అసలు జాగ్రత్త పడాల్సింది దాని తర్వాత వచ్చే గంటలో. అందుకే కాళ్ల గురించి ఎంత చెప్తానో పర్సు గురించీ అంతే చెప్తాను.

డబ్బు కట్టకముందు

మా దగ్గర ఎక్కువగా జరిగేది ఇలా. ముందు నక్కలగుట్టలోనో హంటర్ రోడ్డులోనో ఏదో హాల్లో ఫ్రీ మీటింగ్ పెడతారు. అసలు ప్రోగ్రామ్ హైదరాబాద్ పక్కన ఏ రిసార్టులోనో రెండు రోజులు ఉంటుంది. ఫ్రీ మీటింగులోనే అడగాల్సినవన్నీ అడిగేయండి. నిప్పులు పరిచేది ఎవరు, ఆ పని ఇంతకుముందు ఎక్కడ చేశారు? డాక్టర్ ఉంటారా, లేక ఫస్ట్ ఎయిడ్ డబ్బా పట్టుకున్న వాలంటీరేనా? కార్యక్రమం రాత్రి ఎన్నింటికి ముగుస్తుంది? ఆడవాళ్లు ఈ చివరి ప్రశ్న తప్పక అడగాలి. అర్ధరాత్రి రిసార్టు గేటు దగ్గర వదిలేస్తే అక్కడి నుంచి కాజీపేటకు ఎలా రావాలో వాళ్లు చెప్పరు. రూమ్ ఛార్జి టికెట్లో కలిసి ఉందో లేదో అప్పుడే తేల్చుకోండి.

సంతకం పెట్టే కాగితం వాట్సాప్‌లో ముందే పంపమనండి. లేకపోతే గేటు దగ్గర, ఒక చేతిలో బ్యాగు, వెనక తోసే లైను, అప్పుడు ఇస్తారు. "ఏం జరిగినా నాదే బాధ్యత" అని అందులో ఉంటుంది. అది రాసినంత మాత్రాన వాళ్ల నిర్లక్ష్యానికి కోర్టులో పూర్తి రక్షణ దొరికినట్టు కాదు. కానీ ఆరోగ్య వివరాల గడి మాత్రం నిజం రాయండి. షుగర్, బీపీ, ఫిట్స్ దాచిపెడితే తర్వాత మన మాటే తేలిపోతుంది.

నా వృత్తి కాబట్టి ఇంకొకటి. చాలా హెల్త్ పాలసీల్లో సాహస క్రీడల మినహాయింపు ఉంటుంది. దాని ప్రామాణిక మాటల ప్రకారం అది వాటిని వృత్తిగా చేసేవాళ్లకే వర్తిస్తుంది. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీలో మాటలు వేరుగా ఉండొచ్చు. ఆ పేజీ ఒకసారి తీసి చదవండి, అర్థం కాకపోతే మీ ఏజెంటును అడగండి. పాలసీ అమ్మాడు కదా, ఆ మాత్రం చెప్పాలి.

గుండం సంగతి

మాకు నిప్పులు కొత్త కాదు. మా అమ్మమ్మ ఊరు పరకాల వైపు. పీర్ల పండుగకు గుండం తవ్వి, మొద్దులు కాల్చి, అసోయ్‌దూలా అంటూ ఆట ఆడి, పీరును ఎత్తుకున్నవాళ్లు నిప్పుల్లోంచి నడిచేవాళ్లు. అందులో హిందువులూ ఉండేవాళ్లు. కొమురవెల్లి మల్లన్న దగ్గర అగ్నిగుండాలు ఇప్పటికీ తొక్కుతారు. కాబట్టి సెమినార్ సార్ "మానవ చరిత్రలో కొద్దిమందికే సాధ్యమైంది" అని మైకులో అంటే మా వాళ్లు నవ్వుకుంటారు. ఈ పనిని అమెరికాలో క్లాసుగా మార్చి నేర్పిన తొలివాళ్లలో టోలీ బర్కన్ ఒకరు, అది 1970లలో. తర్వాత టోనీ రాబిన్స్ అనే అమెరికా మోటివేషన్ గురువు దాన్ని వేలమంది కూర్చునే హాళ్లకు తీసుకెళ్లాడు.

కాళ్లు ఎందుకు కాలవు అన్నదానికి మనోబలం అని స్టేజీ మీద చెప్తారు. 1980లలో బెర్నార్డ్ లైకిండ్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త తాను స్వయంగా నడిచి, అది బొగ్గు గుణమని వివరించాడు. జొన్నరొట్టె కాల్చేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. పెనం మీది రొట్టెను చేత్తో తిప్పుతాం, అదే చెయ్యి పెనానికి తగిలితే బొబ్బ లేస్తుంది. బొగ్గు ఎంత ఎర్రగా ఉన్నా దానిలోని వేడి అరికాలిలోకి నెమ్మదిగా వస్తుంది. పైన బూడిద పొర ఉంటే ఇంకా నెమ్మది. ఒక్కో అడుగు సెకను కూడా ఆగదు కాబట్టి కాలే లోపే కాలు లేస్తుంది. ఇందులో నమ్మకం చేసే పని ఒక్కటే, మధ్యలో ఆగకుండా నడిపించడం.

కారణం తెలిస్తే ఏం చూసుకోవాలో కూడా తెలుస్తుంది. మంట పూర్తిగా తగ్గాలి, కట్టెలు బొగ్గులైపోవాలి, పారతో చదును చేయాలి, పైన బూడిద కనపడాలి. పాత దర్వాజాలు, ప్యాకింగ్ పెట్టెలు కాల్చారంటే నేను చెప్పులు విప్పను. వాటిలో మేకులుంటాయి. మేకు బొగ్గు లాంటిది కాదు, లోహం వేడిని ఒక్కసారిగా కాలికి ఇచ్చేస్తుంది. ఇదే లెక్కన కాలికున్న లోహం కూడా తీసేయాలి. పట్టీలు తీయడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు, గొడవంతా మట్టెల దగ్గరే. "మట్టెలు తీస్తే మా అత్తమ్మ ఊరుకోదు వదినా" అని ఒకావిడ అంటే, అయితే ఆ అత్తమ్మ పేరు చెప్పుకుని పక్కన కూర్చో అని చెప్పాను. కూర్చుంది. అదేం ఓటమి కాదు.

చీర వద్దు. ఆర్ట్ సిల్కు, పాలిస్టర్ ఏదీ వద్దు, సింథటిక్ బట్ట నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. కాటన్ సల్వారు మోకాలి దాకా మడిచి, చున్నీ నడుముకు గట్టిగా కట్టుకోండి.

నడక మామూలు నడకే, కాస్త చురుగ్గా. పరుగెత్తితే వేళ్లు బొగ్గులోకి దిగబడతాయి, నిప్పు ఎగిరి పాదం పైన పడుతుంది. పై చర్మం అరికాలి అంత మందం కాదు. ముందున్న మనిషి పూర్తిగా దాటాకే అడుగు వేయండి, లేకపోతే మధ్యలో ఆయన ఆగితే మీరూ నిప్పుల మీదే ఆగాల్సి వస్తుంది. ఫోన్ ఇంకొకరికి ఇచ్చేయండి. 2016లో డల్లాస్‌లో టోనీ రాబిన్స్ కార్యక్రమంలో ముప్పై మందికి పైగా కాళ్లు కాలాయి, ఫోన్లలో వీడియో తీసుకుంటూ నడిచినవాళ్లు ఉన్నారని అప్పుడు వార్తలొచ్చాయి. 2012లో శాన్ హోసేలో 21 మందికి, 2022లో స్విట్జర్లాండ్‌లో ఒక కంపెనీ కార్యక్రమంలో 25 మందికి కాలాయి. వేలమంది క్షేమంగా దాటారు, అదీ నిజమే.

దాటాక వేళ్ల సందుల్లో బొగ్గు ముక్క ఇరుక్కోవచ్చు. వెంటనే నీళ్ల తొట్టిలో కాళ్లు పెట్టండి, డ్యాన్స్ తర్వాత చేయొచ్చు. కాలితే కుళాయి నీళ్ల కింద ఇరవై నిమిషాలు పెట్టాలి. ఐసు, పేస్టు, ఇంకు, పసుపు ఏదీ పూయొద్దు, బొబ్బ చిదమొద్దు.

షుగర్ వల్ల అరికాళ్లు మొద్దుబారినవాళ్లు నడవనే వద్దు. కాలుతున్నట్టు తెలియదు, ఆ పుండు తొందరగా మానదు. మా కస్టమర్లలో షుగర్‌తో కాలి వేళ్లు తీసేయించుకున్నవాళ్ల క్లెయిమ్ ఫైళ్లు చూసినదాన్ని, ఇందులో నాకు మొహమాటం లేదు. గర్భిణులు, మడమలు లోతుగా పగిలినవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు కూడా అంతే. ఫిట్స్ ఉన్నవాళ్లు హాల్లో వెలిగి ఆరే లైట్ల గురించి ముందే అడగాలి.

చెక్క, సీసా పెంకులు, బాణం

చెక్క పగలగొట్టడం నాకు అన్నిటికన్నా ఇష్టం. దాని మీద మార్కర్‌తో మన భయం రాయమంటారు. కొందరు "అప్పు" అని రాస్తారు, కొందరు "ఇంగ్లిష్", ఒకాయన "మా బావమరిది" అని రాసి కసితీరా కొట్టాడు. అంగుళం మందం ఉన్న మెత్తరకం చెక్క, గీతల వెంబడి విరుగుతుంది. పట్టుకునేవాళ్లు ఆ గీతలకు సమాంతరంగా ఉన్న రెండు అంచులు పట్టుకోవాలి. ముడులున్నదీ, తడిసినదీ మార్చమనండి. ప్లైవుడ్ ఇస్తే కొట్టకండి, దాని పొరలు అడ్డంగా నిలువుగా అతికించి ఉంటాయి, చెక్క బదులు మణికట్టు పోతుంది. వేళ్లతో కాదు, అరచేతి కింది భాగంతో, చెక్క వెనక జానెడు దూరంలో ఏదో ఉన్నట్టు దాన్ని కొట్టాలి. భయపడి చివర్లో చెయ్యి ఆపినవాళ్లకే దెబ్బ తగులుతుంది, ఎందుకంటే విరగని చెక్క ఆ దెబ్బను మనకే తిప్పి ఇస్తుంది. గాజులు, ఉంగరం, వాచీ ముందే తీయండి.

సీసా పెంకులు చూడటానికే భయం. మందంగా పరిస్తే బరువు వందల ముక్కల మీద పడుతుంది. అడుగు మెల్లగా మోపి, గుచ్చుకుంటే కాలు మార్చాలి. కాలు ఈడ్చకూడదు, అంతే.

గొంతు గుంటలో బాణం మొన పెట్టుకుని ముందుకు నడిచి విరిచేది, ఇద్దరు ఎదురెదురుగా గొంతులతో ఇనుప సలాక వంచేది, ఈ రెండూ నేను చేయను, ఎవరినీ చేయమనను. నిట్ ఇంజినీరింగ్ కాలేజీలో చదివే మా అక్క కొడుకు చెప్పాడు, సన్నగా పొడవుగా ఉన్న పుల్లను రెండు చివరల నుంచి నొక్కితే తక్కువ బలానికే పక్కకు వంగిపోతుందట, ఆ లెక్క 18వ శతాబ్దంలోనే ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త కట్టాడట. చాలాసార్లు అది విరిగే మాట నిజమే. జారితే ఎదురుగా ఉన్నది శ్వాసనాళం, విరిగిన ముక్క ఎగిరితే కన్ను. పగిలిన చెక్క ఇచ్చే సంతోషం కన్నా ఇది ఎక్కువేం ఇవ్వదు.

ఇక నీళ్లు తాగొద్దు, బయటికి పోవద్దు, తలుపులు మూస్తాం అనే కార్యక్రమం ఏదైనా సరే, లేచి వచ్చేయండి. 2009 అక్టోబరులో అమెరికాలోని సెడోనాలో జేమ్స్ ఆర్థర్ రే అనే మోటివేషన్ గురువు మనుషులను వేడి గుడారంలో కూర్చోబెట్టాడు. ముగ్గురు చనిపోయారు. 2011లో అతనికి జైలుశిక్ష పడింది. వాంతులు, తలతిరుగుడు వస్తే "లోపలి భయం బయటికి వస్తోంది" అని మైకులో చెప్తే నమ్మకండి. వరంగల్ ఎండాకాలంలో పెరిగినవాళ్లకు వడదెబ్బ ఎలా ఉంటుందో తెలుసు.

తర్వాతి గంట

నిప్పులు దాటాక నిజంగానే ఒళ్లు తేలికవుతుంది. ఎవరో తెలియనివాళ్లు కౌగిలించుకుంటారు, పాట పెద్దగా పెడతారు, లైట్లు తగ్గించి అమ్మానాన్నలను తలచుకోమంటారు, హాలంతా ఏడుస్తుంది. నేనూ ఏడుస్తాను, అందులో నటన ఏమీ లేదు. లైట్లు వెలిగేసరికి వెనక బల్లల మీద కార్డు మెషీన్లు ఉంటాయి. అడ్వాన్స్ కోర్సు, ఈ రాత్రి వరకే ఈ ధర, మిగిలినవి కొన్నే సీట్లు, ఈఎంఐ ఉంది. నేను అమ్మకాలు చేసి బతికేదాన్ని, ఆ పద్ధతి నాకు కొత్త కాదు. మనసు మెత్తబడ్డప్పుడే సంతకం తీసుకోవాలని మాకూ నేర్పుతారు.

అందుకే బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో యూపీఐ రోజు పరిమితి తగ్గించండి, క్రెడిట్ కార్డు ఇంట్లో పెట్టండి, ఆటోకు, టీకి నోట్లు ఉంచుకోండి. వాలంటీరు వచ్చి "నిప్పుల మీద నడిచారు, ఈ నిర్ణయం తీసుకోలేరా మేడమ్?" అంటాడు. వాదించొద్దు. వాదిస్తే ప్రతి జవాబుకూ వాళ్ల దగ్గర ఇంకో జవాబు ఉంటుంది. "పొద్దున చెప్తా తమ్ముడూ" అని నవ్వి నీళ్ల సీసా తీసుకుని బయటికి నడవండి. ఆఫర్ పొద్దున కూడా ఉంటుంది. ఉండకపోతే, పోనీయండి. ఉద్యోగానికి రాజీనామా, భూమి అమ్మకం, కొత్త షాపు లాంటివి ఆ రాత్రి ఎవరికీ ఫోన్ చేసి చెప్పొద్దు. వారం ఆగితే ఏం కాదు.

మీ కింద ముగ్గురిని చేర్పిస్తే మీ ఫీజు వెనక్కి వస్తుంది అన్నారంటే అది క్లాసు కాదు, గొలుసు వ్యాపారం. జనాన్ని చేర్పించడం మీదే డబ్బు తిప్పే స్కీములను 1978 నాటి చట్టమే నిషేధించింది, 2021 డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు కూడా వద్దన్నాయి. అలాంటిదాంట్లోకి మన చుట్టాలను లాగితే ఆ చుట్టరికమే పోతుంది.

కట్టిన ప్రతి రూపాయికి జీఎస్టీ నంబరున్న బిల్లు తీసుకోండి, రీఫండ్ షరతు రాతలో అడగండి. ఇస్తామన్నది ఇవ్వకపోతే ముందు 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. అయితే కరపత్రం, వాట్సాప్ గ్రూపులో వాళ్లు ఇచ్చిన హామీలు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు ప్రోగ్రామ్ రోజే దాచిపెట్టండి. తర్వాత ఆ గ్రూపు ఉండకపోవచ్చు.