తేదీ ఒక రోజు వెనక్కి జరగకుండా: ప్రోగ్రాముల్లో సమయాన్ని సరిగా నడిపే పద్ధతి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్, అంటే రైతులు డీవో అని పిలిచేది, తెల్లవారుజామున అన్ని వేళలకన్నా తక్కువకు పడిపోతుంది. రాత్రంతా నీటిలోని జీవులన్నీ ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి గానీ, ఎండ లేనందువల్ల నీటి నాచు దాన్ని తిరిగి తయారు చేయలేదు. ఆ వేళ రీడింగులే రైతుకు ముఖ్యం. ఆ రీడింగులను సెన్సర్ల నుంచి తెచ్చుకుని రోజువారీ కనిష్ఠాన్ని చూపించే ప్రోగ్రామును యూటీసీ, అంటే ప్రపంచమంతా కొలమానంగా వాడే సమయం మీద నడిచే సర్వరులో పెట్టి, తేదీల వారీగా విడదీయమని చెప్తే, ఆ సర్వరుకు కొత్త తేదీ మొదలయ్యేది మన ఉదయం 5 గంటల 30 నిమిషాలకు. కాబట్టి 14వ తేదీ తెల్లవారుజామున 4 గంటల 30 నిమిషాలకు పడిపోయిన డీవో నివేదికలో 13వ తేదీ కింద కనిపిస్తుంది. మేత తగ్గించింది ఏ రోజు, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆలస్యంగా వేసింది ఏ రోజు అని రైతు తన పుస్తకంతో పోల్చి చూసుకునేటప్పుడు ఆ రెండూ ఎప్పటికీ కలవవు.

ఇటువంటి లోపం మన దగ్గర చాలాకాలం దాగి ఉండగలదు. దేశమంతటికీ ఒకే సమయం, వేసవికి గడియారం మార్చే అలవాటు లేదు, రాసేవారి కంప్యూటరూ వాడేవారి ఫోనూ ఒకే సమయాన్ని చూపిస్తాయి. ప్రోగ్రాము వేరే దేశపు సర్వరుకో, కువైట్‌లో ఉన్న కొడుకు ఫోనుకో చేరినప్పుడే తేడా బయటపడుతుంది. అందువల్ల తొలి రోజు నుంచే పద్ధతిగా రాయడం అవసరం.

ముందుగా అది ఏ రకం సమయమో తేల్చుకోండి

కోడు రాయడానికి ముందు, డేటాబేసులో ప్రతి గడికీ ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇది జరిగిపోయిన ఒక క్షణమా, గంటలతో పని లేని ఉత్త తేదీయా, లేక ఒక ఊరి గడియారం ప్రకారం ఇకముందు జరగవలసిన పనియా? డీవో రీడింగు, డబ్బు జమ అయిన వేళ, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద హెచ్చరిక ఎగురవేసిన సమయం క్షణాలు. పుట్టిన తేదీ, చెరువులో పిల్ల వదిలిన తేదీ, పట్టాదారు పుస్తకం మీది తేదీ ఉత్త తేదీలు. వచ్చే నెల పెళ్లి ముహూర్తం, ప్రతి మంగళవారం జరిగే కొనుగోలుదారు ఫోను సమావేశం మూడో రకం. ఈ మూడింటినీ ఒకే రకం గడిలో పోయడమే చాలా లోపాలకు మూలమని నా గట్టి నమ్మకం. జావాలో ఎనిమిదో వెర్షన్ నుంచి వచ్చిన ఇన్‌స్టంట్, లోకల్‌డేట్, జోన్డ్‌డేట్‌టైమ్ అనే తరగతులు ఈ విభజననే చూపిస్తాయి. ఇతర భాషల్లో పేర్లు అంత స్పష్టంగా లేకపోయినా, మీ మనసులో ఆ విభజన స్పష్టంగా ఉండాలి.

జరిగిన క్షణాలు

జరిగిపోయిన క్షణాన్ని యూటీసీలో భద్రపరచి, మనిషికి చూపించేటప్పుడు మాత్రమే స్థానిక సమయంలోకి మార్చాలి. భారత ప్రామాణిక సమయం యూటీసీ కన్నా 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది, ఎందుకంటే దాన్ని 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం మీద లెక్కగట్టారు. ఆ రేఖ కాకినాడకు కొద్ది తూర్పుగా సాగుతుంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున చూస్తే, అమలాపురంలో సగటు సూర్యుడి లెక్క గడియారం కన్నా దాదాపు 2 నిమిషాలు, భీమవరంలో దాదాపు 4 నిమిషాలు మాత్రమే వెనక ఉంటుంది. దేశంలో గడియారానికీ సూర్యుడికీ ఇంత దగ్గరగా పొసగే ప్రాంతాలు తక్కువ.

పైథాన్‌లో సమయం తీసుకునేటప్పుడు టైమ్ జోన్ తోడు లేని విలువను ఎన్నడూ తీసుకోవద్దు. యూటీసీ‌నౌ అనే పాత ఫంక్షన్ పేరులో యూటీసీ ఉన్నా, అది ఇచ్చే విలువకు ఏ జోనూ అంటుకుని ఉండదు, 3.12 వెర్షన్ నుంచి దాన్ని వాడవద్దని పైథాన్ స్వయంగా హెచ్చరిస్తోంది. నౌ ఫంక్షన్‌కే యూటీసీని ఇచ్చి పిలవండి. స్థానిక సమయానికి 3.9 నుంచి భాషతోపాటే వస్తున్న జోన్‌ఇన్ఫోను వాడి, జోన్ పేరును ఏషియా/కోల్‌కతా అని పూర్తిగా ఇవ్వండి. ఐఎస్‌టీ అనే మూడక్షరాల పేరు ఇవ్వకూడదు, ఎందుకంటే ఇజ్రాయెల్, ఐర్లండ్ సమయాలను కూడా ఆ అక్షరాలతోనే సూచిస్తారు. ప్లస్ 5:30 అని తేడాను మాత్రమే రాయడం కూడా నేను సిఫారసు చేయను. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో ఆ తేడాను జోన్ పేరు స్థానంలో రాస్తే, పోసిక్స్ అనే పాత ప్రమాణపు సంప్రదాయం ప్రకారం గుర్తు తలకిందులై సమయం వ్యతిరేక దిశలో జరుగుతుంది.

డేటాబేసు విషయంలో రెండు మాటలు గుర్తుంచుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌లోని టైమ్‌స్టాంప్ విత్ టైమ్ జోన్ అనే రకం, పేరు ఎలా ఉన్నా, జోన్‌ను దాచదు. వచ్చిన విలువను యూటీసీలోకి మార్చి క్షణాన్ని మాత్రమే దాస్తుంది. క్షణాలకు అదే సరైనది. మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ రకం కనెక్షన్ జోన్‌ను బట్టి మారుతుంది, డేట్‌టైమ్ రకం మారదు. పైగా ఆ టైమ్‌స్టాంప్ 2038 జనవరి 19 యూటీసీ 3:14:07 దగ్గర, అంటే మన ఉదయం 8:44:07 దగ్గర ఆగిపోతుంది. ఇరవై ఏళ్ల రుణ వాయిదాలు లెక్కించే ప్రోగ్రాముకు ఆ హద్దు ఇప్పటికే అడ్డు వస్తుంది.

ఉత్త తేదీలు

పుట్టిన తేదీకి జోన్ లేదు. దాన్ని తేదీ రకం గడిలోనే ఉంచాలి, అర్ధరాత్రి సున్నా గంటలు తగిలించి క్షణంగా మార్చకూడదు. 2011 జనవరి 14న పుట్టిన బిడ్డ తేదీని జావాస్క్రిప్ట్‌లో స్థానిక అర్ధరాత్రిగా తీసుకుని, టూ‌ఐఎస్ఓ‌స్ట్రింగ్‌తో సర్వరుకు పంపితే, అది యూటీసీలోకి మారి జనవరి 13, 18:30 అవుతుంది. అవతల ఎవరైనా తేదీ భాగాన్ని మాత్రమే కత్తిరించుకుంటే బిడ్డ ఒక రోజు ముందే పుట్టినట్టు బడి రికార్డులోకి ఎక్కుతుంది. మీ డేటాబేసులో ఏ గడిలోనైనా వరుసగా 18:30 కనిపిస్తే, అది మన అర్ధరాత్రిని యూటీసీలోకి మార్చిన ఆనవాలని వెంటనే గ్రహించండి. దీనికి ఎదురు లోపం కూడా ఉంది. జావాస్క్రిప్ట్ 2011-01-14 అనే ఉత్త తేదీని యూటీసీ అర్ధరాత్రిగా చదువుతుంది. మనకది అదే రోజు ఉదయం 5:30 కాబట్టి ఇక్కడ సరిగానే కనిపించి, డాలస్‌లో తెరిచినప్పుడు 13గా మారుతుంది.

తేదీలను రాతలో ఎప్పుడూ ఏడాది, నెల, రోజు వరుసలో, ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఇచ్చిపుచ్చుకోండి. 05/06/2025 అన్నది మనకు జూన్ 5, అమెరికా కొనుగోలుదారుకు మే 6.

ఇకముందు జరగవలసినవి

అన్నీ యూటీసీలోనే దాచాలన్న సలహా చాలాచోట్ల వినిపిస్తుంది. జరిగిన వాటికి అది సరే, జరగబోయే వాటికి అది చాలదు. రొయ్యలు ఎగుమతి చేసే ఒక యూనిట్ న్యూయార్క్‌లోని కొనుగోలుదారుతో ప్రతి మంగళవారం అక్కడి ఉదయం 9 గంటలకు మాట్లాడుతుందనుకుందాం. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. కాబట్టి ఆ సమావేశం మనకు వేసవిలో సాయంత్రం 6:30కు, శీతకాలంలో 7:30కు వస్తుంది. దాన్ని ఒక్కసారి యూటీసీలోకి మార్చి దాచేస్తే ఏడాదిలో కొన్ని నెలలు తప్పు గంటకు గుర్తు చేస్తుంది. అక్కడి గడియారం సమయాన్నీ, అమెరికా/న్యూయార్క్ అనే జోన్ పేరునూ విడివిడిగా దాచి, ప్రతిసారీ దగ్గరపడ్డాక లెక్కగట్టడమే సరైన పద్ధతి. నియమాలు కూడా స్థిరం కావు. మెక్సికోలో చాలా భాగం 2022లో వేసవి సమయాన్ని వదిలేసింది, ఈజిప్టు 2023లో తిరిగి తెచ్చుకుంది. ఈ మార్పులన్నీ ఇంటర్నెట్ పేర్లు, సంఖ్యల వ్యవహారం చూసే ఐయానా నిర్వహించే టైమ్ జోన్ డేటాబేసులో చేరుతుంటాయి గనుక, సర్వరులో ఆ ప్యాకేజీని ఎప్పటికప్పుడు నవీకరించాలి.

పెళ్లి శుభలేఖల్లో శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం 3 గంటల 40 నిమిషాలకు అని రాస్తాం. ఈ వాక్యం మనుషులకు ఎంత స్పష్టమో, తేదీ గడి నింపే వారికి అంత ప్రమాదకరం. శనివారాన్ని ఎంచుకుంటే ముహూర్తం ఒక రోజు ముందే వచ్చినట్టు పడుతుంది. అర్ధరాత్రి దాటిన ముహూర్తాలకు ఫారంలో ఆదివారం తేదీని అడిగి, కింద పూర్తి వాక్యాన్ని మన పద్ధతిలోనే తిరిగి చూపించి నిర్ధారించుకోండి. ప్రత్యక్ష ప్రసారం చూసే బంధువులకు పంపే సందేశంలో వారి ఊరి సమయం కూడా ఇవ్వాలి. కువైట్‌లో అది ఆదివారం రాత్రి 1:10. డాలస్‌లో మాత్రం ఇంకా శనివారం సాయంత్రమే, శీతకాలమైతే 4:10, వేసవి సమయమైతే 5:10.

పాత తేదీల దగ్గర ఇంకో జాగ్రత్త కావాలి. మన ప్రామాణిక సమయం 1906 జనవరి 1న అమల్లోకి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు 15 వరకు, గడియారాలు మరో గంట ముందు నడిచాయి. జాతకాలు వేసే ప్రోగ్రాముకు 1944లో పుట్టిన తాతగారి సమయం ఇస్తే ఆ గంట తేడాతో లగ్నమే మారవచ్చు. జోన్ పేరుతో లెక్కిస్తే ఈ చరిత్ర దానంతటదే వర్తిస్తుంది, 5:30 అని చేత్తో కలిపితే వర్తించదు. పైథాన్‌లో వాడే పాత పైట్జ్ లైబ్రరీని తప్పుగా వాడినప్పుడు 5:30కి బదులు 5:53 తేడా రావడానికి కారణం కూడా ఈ చరిత్రే. జోన్‌ను నేరుగా డేట్‌టైమ్ నిర్మాణంలో ఇస్తే ఆ లైబ్రరీ పట్టికలోని మొదటి వరుసను, అంటే పాత కలకత్తా స్థానిక సమయాన్ని ఎత్తుకుంటుంది.

రోజుకు హద్దు గీయడం

రోజువారీ నివేదికలో క్షణాలను ముందు ఏషియా/కోల్‌కతాలోకి మార్చి, ఆ తరువాతే తేదీ తీయాలి. ఈ వరుస తలకిందులైతే ఉదయం 5 నుంచి 7 వరకు పాలు పోయించుకునే కేంద్రంలో ఒకే పూట పాలు రెండు తేదీల్లోకి చీలిపోతాయి. ఏప్రిల్ 1 రాత్రి 2 గంటలకు నమోదైన బిల్లు మార్చి 31లోకి వెళ్లి, ఆర్థిక సంవత్సరమే మారుతుంది. రోజు చివరను 23:59:59గా రాయకండి. ఆ ఆఖరి సెకను లోపల వచ్చిన రీడింగు జారిపోతుంది. ఈ రోజు సున్నా గంటలతో మొదలై, రేపటి సున్నా గంటలకు ముందు వరకు అని రాస్తే ఖాళీ ఉండదు, అతివ్యాప్తి ఉండదు.

చెరువు గట్టు మీది పరికరాలకు ఇంకొంత శ్రద్ధ కావాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు బ్యాటరీ గడియారం లేని బోర్డు సాధారణంగా కంప్యూటర్లు కాలాన్ని లెక్కించడం మొదలుపెట్టే తేదీకి, 1970 జనవరి 1కి, వెళ్లిపోతుంది. మన సమయంలో అది ఉదయం 5:30గా కనిపిస్తుంది. నాణెం బ్యాటరీతో నడిచే చిన్న గడియారపు చిప్పు పెట్టండి, నెట్‌వర్కు అందినప్పుడు సమయం సరిచేసుకునేలా చూడండి. పరికరం చెప్పిన సమయాన్నీ సర్వరుకు చేరిన సమయాన్నీ రెండు గడుల్లో విడిగా ఉంచితే, ఏది తప్పిందో తరువాత తేలుతుంది. ఏరియేటరు ఎన్ని నిమిషాలు తిరిగిందో కొలిచేటప్పుడు గోడ గడియారాన్ని కాక, వెనక్కి జరగని మోనోటోనిక్ గడియారాన్ని వాడాలి.

పరీక్షించడం, పాతవి సరిచేయడం

పరీక్షలను యూటీసీలో ఒకసారి, అమెరికా/న్యూయార్క్‌లో ఒకసారి, ఏషియా/కోల్‌కతాలో ఒకసారి నడిపించండి. మూడింటిలోనూ ఫలితం ఒకటే రావాలి. ప్రస్తుత సమయాన్ని ఫంక్షన్ లోపల అడగకుండా బయటి నుంచి అందిస్తే, ఏ క్షణాన్నైనా నటింపజేయవచ్చు. రాత్రి 12:10, ఉదయం 5:29, 5:30, మార్చి 31 అర్ధరాత్రి, ఫిబ్రవరి 29 తప్పక చూడండి. న్యూయార్క్‌లో 2026 నవంబరు 1 రాత్రి 1:30 రెండుసార్లు వస్తుంది, మార్చి 8న 2:30 అసలు రాదు. మీ ప్రోగ్రాము ఆ రెండింటికీ ఏమి చేస్తుందో తెలిసి ఉండాలి.

ఇప్పటికే తప్పుగా చేరిన డేటా ఉంటే ఆ గడిని అక్కడికక్కడే దిద్దవద్దు. ముందు పూర్తి నకలు తీసి, పక్కన కొత్త గడి చేర్చండి. సర్వరు మారిన తేదీ, జోన్ అమరిక మార్చిన తేదీ వెతికి పట్టుకుని, ఏ కాలపు వరుసలు స్థానిక సమయంలో ఉన్నాయో, ఏవి యూటీసీలో ఉన్నాయో విడదీయండి. ఒక్కో భాగాన్నీ దాని లెక్క ప్రకారం కొత్త గడిలోకి మార్చాక, చెరువు దగ్గర చేత్తో రాసిన పుస్తకంలోని కొన్ని తెల్లవారుజాము రీడింగులతో పోల్చండి. అవి నిమిషాలతో సహా సరిపోయేవరకు పాత గడిని తీసివేయకండి.