పాత ఇంటి గోడల మీద మరకలు పోగొట్టడం ఎలా?

గోడ మీద మరక కనబడగానే ముందు తడిగుడ్డ అందుకుంటాం. పాత ఇళ్లలో ఆ తొందరే గోడను పాడుచేస్తుంది. కోనసీమలోనూ, పాలకొల్లు, నరసాపురం వైపూ ఉన్న పాత పెంకుటిళ్లలో ఒకే గోడ మీద అడుగున సున్నం, దానిపైన డిస్టెంపర్, ఆ పైన ఎమల్షన్ పొరలుపొరలుగా ఉండొచ్చు. గానుగ సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చుకుని మళ్లీ గాలిలోకి వదిలేస్తుంటుంది. అందుకని తుడిచే ముందే రెండు సంగతులు తేల్చుకోవాలి. పైన ఉన్న రంగు ఏమిటి? మరక బయటి నుంచి అంటిందా, గోడ లోపలి నుంచి పొడుచుకొచ్చిందా?

ముందు రంగు తెలుసుకోండి

బీరువా వెనకో, తలుపు చాటునో చిన్నచోట వేలితో రుద్దండి. తెల్లటి పొడి బాగా అంటితే సున్నం. పొడి పెద్దగా అంటకుండా, తడిగుడ్డతో రుద్దినప్పుడు రంగు దిగితే డిస్టెంపర్. గుడ్డకు ఏమీ అంటకపోతే ఎమల్షన్. గోడ నిగనిగలాడుతూ నీటిబొట్టు జారిపోతుంటే ఎనామిల్ (ఆయిల్ పెయింట్). సున్నం, డిస్టెంపర్ గోడలను కడగడం కుదరదు, మరకతో పాటు రంగూ పోతుంది. కింద చెప్పే సబ్బునీళ్లు ఎమల్షన్, ఎనామిల్ గోడలకే.

మరక ఎక్కడిదో చూడండి

మరక ఉన్న చోటే సగం సంగతి చెప్పేస్తుంది. నేల నుంచి మోకాలి ఎత్తు వరకు పాకితే అది భూమిలోని తేమ. పైనుంచి దిగుతూ, అంచున టీ రంగు గీత ఉంటే పెంకుల్లోంచి కారిన నీరు. బీరువా వెనక, మూలల్లో నల్లటి చుక్కలు బూజు. మంచం పక్కన తల ఆనే ఎత్తులో ఉంటే తలనూనె.

తేమ గోడలోదా గదిలోదా అని అనుమానం వస్తే మూరెడు పాలిథిన్ ముక్కను నాలుగువైపులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు వదిలేయండి. నీటిబొట్లు గోడ వైపు చేరితే తేమ గోడలోంచి వస్తోంది. గది వైపు చేరితే గదికి గాలి చాలడం లేదు.

చెమ్మ, ఉప్పు పూత

మన గోదావరి డెల్టాలో అన్నిటికన్నా మొండిది ఇదే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు ఊరూరా పారాయి, ఏడాదిలో చాలా నెలలు చేలల్లో నీళ్లుంటాయి. చాలాచోట్ల ఇంటి పక్కనే చేపల చెరువో, రొయ్యల చెరువో కూడా ఉంటోంది. భూమిలో నీరు ఎంతో లోతున ఉండదు. పాత ఇళ్ల పునాదుల్లో తేమను ఆపే పొర ఉండదు కాబట్టి దీపపు వత్తి నూనెను పీల్చినట్టు ఇటుక నీటిని పైకి లాగుతుంది. నీరు ఆవిరైపోతుంది, అందులోని ఉప్పు గోడ మీద తెల్లటి నూగులా మిగిలిపోతుంది. రంగు పొంగి పెచ్చులూడేది ఈ ఉప్పు వల్లే.

చాలామంది చేయించేది దాని మీద పుట్టీ పెట్టి ఎనామిల్ కొట్టించడం, లేదంటే నడుం ఎత్తు వరకు సిమెంటు ప్లాస్టరింగో టైల్సో. దయచేసి ఆ పని చేయించకండి. బయటికి దారి మూసుకుపోతే తేమ ఇంకా పైకి ఎక్కుతుంది. మోకాలి ఎత్తులో ఉన్న మరక కొన్నేళ్లలో కిటికీ దాకా రావొచ్చు.

ఉప్పును నీళ్లతో కడగకూడదు. కడిగితే కరిగి గోడలోకే పోతుంది, ఆరగానే మళ్లీ పూస్తుంది. కింద పాత పేపర్లు పరిచి, పొడి కొబ్బరిపీచు బ్రష్షుతో మెల్లగా దులపండి. రాలిన పొడిని గుమ్మం ముందు పారబోయకుండా ఇంటికి దూరంగా వేయండి. వారం పది రోజులకోసారి ఇలా దులుపుతుంటే పూత క్రమంగా తగ్గుతుంది.

తర్వాత ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. చూరునీళ్లు గోడ వారనే పడుతున్నాయా? ఏళ్ల తరబడి పోసిన మట్టి లోపలి గచ్చు కన్నా ఎత్తయిపోయిందా? స్నానాల గది నీళ్లు పునాది పక్కనే ఇంకుతున్నాయా? మట్టి తీయించి, నీరు దూరంగా పోయేలా వాలు పెట్టిస్తే గోడ సగం కోలుకుంటుంది. పొట్టుగా రాలే పాత పూతను మరక గీతకు ఒక అడుగు పైవరకు తీయించి, సున్నం, ఇసుక కలిపిన పూతే వేయించండి. దాని మీద వెల్ల వేస్తే చాలు.

ఇవన్నీ ఎప్పుడు చేయించాలన్నదీ ముఖ్యమే. ఇంటికి రంగులంటే మనకు సంక్రాంతి ముందు గుర్తొస్తాయి. కానీ అక్టోబరు, నవంబరు తుపాను వానలు తాగిన గోడలు అప్పటికి ఇంకా ఆరవు. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక, మే నెలలో గోడలు బాగా ఆరతాయి. పండక్కి హాల్లో, పైభాగాల్లో రంగు వేయించుకున్నా, చెమ్మ గోడల పని మాత్రం ఎండాకాలానికి ఉంచండి. బాగా తడిసిన గోడ అంగుళం మందం ఆరడానికి సుమారు నెల పడుతుందని లెక్క.

పెంకుల కారుడు మరక

ముందు పెంకులు సర్దించండి, ముఖ్యంగా మండువా మూలల్లో. ఆరాక ఎమల్షన్ ఎన్ని కోట్లు వేసినా గోధుమరంగు గీత మళ్లీ పైకి తేలుతుంది. అందుకని మరక మేరకు ఆయిల్ ప్రైమర్ (రంగుకు ముందు అడుగున వేసే పూత) ఒక కోటు వేసి, అది పూర్తిగా ఆరాక రంగు వేయాలి. మేకుల తుప్పు మరకలకూ ఇదే పద్ధతి.

బూజు

పొడిగా దులిపితే గదంతా ఎగిరిపోతుంది. కిటికీలు తెరిచి, మాస్కు, గ్లౌజులు వేసుకుని ముందు తడిగుడ్డ అద్దండి. ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి పది పాళ్ల నీళ్లు కలిపి రాసి, పావుగంట ఆగి, మంచినీళ్ల గుడ్డతో తుడవండి. బాత్రూం కడిగే యాసిడ్‌తో దీన్ని ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. సున్నం గోడైతే ఆరాక కొత్త వెల్ల వేస్తే సరిపోతుంది, ఆ ఘాటుకే బూజు నిలవదు. బీరువాను గోడకు నాలుగు వేళ్లయినా దూరంగా జరపండి.

మిగతా మరకలు

తలనూనెకు గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు నాలుగు చుక్కలు చాలు. కింది నుంచి పైకి తుడిస్తే చారలు పడవు. సున్నం గోడకైతే సుద్దపొడి అద్ది రాత్రంతా ఉంచి దులపండి.

దీపపు మసికి మొదట నీళ్లు తగలనివ్వకండి, పులుముకుపోతుంది. బ్రెడ్డు మెత్తటి ముక్కతో అద్దుతూ తీస్తే చాలావరకు వస్తుంది.

గుమ్మాల పక్కన పసుపు మరకకు సబ్బు రాస్తే ఎర్రబడుతుంది. పారాణిలో సున్నం తగిలి పసుపు ఎరుపెక్కినట్టే ఇదీ. ఎమల్షన్ మీదైతే నిమ్మరసం అద్దితే మళ్లీ పసుపవుతుంది, అప్పుడు తుడవండి. సున్నం గోడకు మాత్రం నిమ్మరసం వద్దు, పులుపు సున్నాన్ని తినేస్తుంది.

పిల్లల పెన్సిలు గీతలకు రబ్బరు, బాల్‌పెన్నుకు దూదితో శానిటైజర్ అద్దడం. రుద్దితే రంగు మెత్తబడి లేచిపోతుంది.

గీకే ముందు ఒక జాగ్రత్త

రంగుల్లో సీసం (లెడ్) అనే విషలోహాన్ని 90 పీపీఎంకి, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు కట్టడి చేసే నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామిల్‌లో సీసం ఉండొచ్చు. అలాంటి రంగును పొడిగా గరుకు కాగితంతో రుద్దవద్దు, తడిపి రుద్దండి. ఆ పూట పిల్లల్నీ గర్భిణుల్నీ ఆ గదిలో ఉండనివ్వకండి.

చివరిగా, మరక ఉన్నంత మేరకే రంగు వేస్తే అతుకు కనబడిపోతుంది. ఒక మూల నుంచి ఇంకో మూల వరకు గోడ మొత్తం వేయించండి. రంగు డబ్బా మీద ఉన్న షేడు నంబరును తలుపు లోపలివైపు రాసిపెట్టుకోండి, వచ్చే ఏడాది దుకాణంలో అదే అడగొచ్చు.