ఎండో స్వయంగా నేర్చుకుందాం – 3: వెర్టూచి ఎనిమిది టైపులు

ఎండో, అంటే రూట్ కెనాల్ చికిత్స, మీద గత రెండు పాఠాల్లో పల్ప్ చాంబర్ (పంటి లోపలి గుజ్జు గది) పైకప్పు తీయడం, దాని నేల మీద ఆరిఫిస్ (కెనాల్ మొదలయ్యే రంధ్రం) వెతకడం చూశాం. ఆరిఫిస్ దొరికింది సరే. అక్కణ్ణించి ఏపెక్స్ (వేరు కొస) దాకా కెనాల్, అంటే వేరు లోపలి సన్నని కాలువ, ఏ దారిన పోయిందన్నది ఈ పాఠం. ఆ దారుల్నే వెర్టూచి ఎనిమిది టైపులుగా చెప్పారు. ఒక కాగితం, పెన్సిల్ పక్కన పెట్టుకోండి. చదివితే రాదు ఇది, గీస్తేనే వస్తుంది.

ఫ్రాంక్ వెర్టూచి 1984లో 2400 శాశ్వత దంతాల మీద చేసిన పని అచ్చయింది. పంట్లోని ఖనిజాన్ని కరిగించి, కెనాల్స్‌లోకి రంగు ఎక్కించి, పంటిని పారదర్శకంగా చేసి చూశారు. అలా చేయడానికి కారణముంది. మనం తీసే ఐఓపీఏలో (నోట్లో పెట్టి తీసే చిన్న ఎక్స్‌రే) బక్కల్ (బుగ్గ) వైపు ఒకటి, లింగ్వల్ (నాలుక) వైపు ఒకటి ఉన్న కెనాల్స్ ఒకదాని మీద ఒకటి పడి ఒక్కటే గీతలా కనిపిస్తాయి. కాబట్టి టైపులు నేర్చుకునేటప్పుడు పంటిని పక్కనుంచి, అంటే మీసియల్ (ముందు పక్క) నుంచో డిస్టల్ (వెనక పక్క) నుంచో చూస్తున్నట్టు ఊహించుకుని గీయండి.

చదివే పద్ధతి తేలికే. చాంబర్ నుంచి ఏపెక్స్ వైపు దిగుతూ ఎన్ని కెనాల్స్ ఉన్నాయో అంకెల్లో చెప్పడమే. 2-1 అంటే రెండుగా బయలుదేరి ఒకటిగా బయటికొచ్చింది. 1-2-1 అంటే ఒకటి, మధ్యలో రెండుగా చీలి, మళ్లీ కలిసింది.

ఎనిమిదీ వరసగా బట్టీ పడితే వైవాలో టెన్షన్‌కి మూడూ ఐదూ తారుమారవుతాయి. అందుకే కింది నుంచి ఆలోచించండి. మొదటి మూడు టైపులూ ఏపెక్స్ దగ్గర ఒకటిగా ముగుస్తాయి. తర్వాతి నాలుగు రెండుగా ముగుస్తాయి. చివరిది మూడు. ఇక ప్రతి గుంపులోనూ మార్పులు ఒక్కొక్కటే పెరుగుతూ పోతాయి. ఒకటిగా ముగిసేవాటిలో మార్పు లేనిది 1, ఒక మార్పుతో 2-1, రెండు మార్పులతో 1-2-1. ఇవి టైప్ 1, 2, 3. రెండుగా ముగిసేవాటిలో మార్పు లేనిది 2, ఆపైన 1-2, 2-1-2, 1-2-1-2. ఇవి 4, 5, 6, 7. పై నుంచి కింది దాకా మూడు విడివిడిగా ఉంటే టైప్ 8. ఈ రెండు మాటలు గుర్తుంటే పట్టిక మొత్తం ఖాళీ కాగితం మీద మీరే రాసేయొచ్చు. వెర్టూచి చూసిన పళ్లలో ఎనిమిది టైపులూ కనిపించిన పన్ను ఒక్కటే, పై రెండో ప్రీమోలార్ (ప్రీమోలార్లంటే కోరపంటికీ మోలార్లకీ మధ్య ఉండే పళ్లు). ఎగ్జామినర్లకు ఇష్టమైన ప్రశ్న ఇది.

రెండు చోట్ల విద్యార్థులు ఎక్కువగా జారిపోతారు. టైపు చెప్పేది రూట్‌కి (వేరుకి), పంటికి కాదు. 36 నంబరు పంట్లో (కింది ఎడమ మొదటి మోలార్) మీసియల్ వైపు రెండు, డిస్టల్‌లో ఒకటి దొరికాయని టైప్ 8 అనేస్తారు. మీసియల్ రూట్‌కి వేరుగా, డిస్టల్ రూట్‌కి వేరుగా చెప్పాలి. రెండోది, వైన్ అనే ఆయన చేసిన ఇంకో కెనాల్ వర్గీకరణతో కలిపేయడం. వైన్‌లో 1-2-1 లేదు. అందుకని వైన్ టైప్ 3 అంటే వెర్టూచి టైప్ 4, వైన్ టైప్ 4 అంటే వెర్టూచి టైప్ 5. ఎవరి టైపో చెప్పకుండా ఉత్త అంకె చెప్తే జవాబు సగమే.

ఇప్పుడు కుర్చీ దగ్గరికి వద్దాం. మీసియల్ రూట్‌లో రెండు ఆరిఫిస్‌లు ఉన్నాయి. అది టైప్ 2నా, టైప్ 4నా? ఒక కెనాల్‌లో జీపీ కోన్‌ని (కెనాల్ నింపే గట్టాపెర్చా పుల్ల) పూర్తి వర్కింగ్ లెంగ్త్ (కెనాల్‌లో పని చేయాల్సిన పొడవు) దాకా పెట్టండి. రెండో కెనాల్‌లోకి సన్నని ఫైల్ (కెనాల్ గీకే సూదిలాంటి పరికరం) మెల్లగా దింపండి. ఫైల్ తీసేసి, కోన్ బయటికి తీసి వెలుతుర్లో చూడండి. కోన్ మీద గీత పడిందా? పడితే రెండూ కలిశాయి. గీత ఎక్కడుంటే కలిసింది అక్కడే, ఉదాహరణకి కోన్ కొస నుంచి సరిగ్గా 4 మిల్లీమీటర్ల ఎత్తులో. అప్పుడు తిన్నగా ఉన్న కెనాల్‌ని ఏపెక్స్ దాకా చేసి, రెండోదాన్ని కలిసిన చోటి వరకే చేయాలి. రెండింటినీ కింది దాకా పెద్ద ఫైళ్లతో తోమితే కలిసిన చోట సన్నగా, దాని కింద వెడల్పుగా తయారవుతుంది. పై నుంచి వచ్చే కోన్ ఆ వెడల్పుని నింపలేదు, ఖాళీ మిగిలిపోతుంది.

టైప్ 5 ఇంకా చిక్కు పెడుతుంది. కింది మొదటి ప్రీమోలార్‌లో వెర్టూచికి ఇది 24 శాతం కనిపించింది. ఇంగ్లీషు చిన్నబడి హెచ్ అక్షరం ఊహించుకోండి. నిలువు గీత బక్కల్ కెనాల్, పక్కకు వంగిన కాలు లింగ్వల్ కెనాల్. ఫైల్ ఎప్పుడూ నిలువు గీతలోకే జారిపోతుంది, అందుకే లింగ్వల్ మిస్ అవుతుంది. ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపిస్తున్న కెనాల్ రూట్ మధ్యలో ఉన్నట్టుండి మాయమైతే అక్కడ చీలిందేమోనని అనుమానించాలి. కోణం మార్చి ఇంకో ఎక్స్‌రే తీయండి. తర్వాత 10 నంబరు ఫైల్ కొసను కొంచెం వంచి, ఆ వంపుని లింగ్వల్ వైపు తిప్పి గోడ వెంబడి దింపండి.

ఎనిమిదిలో ఇమడని పళ్లు చాలా దొరికాయి. అందుకే 2017లో అహ్మద్, ఆయన తోటివాళ్లు టైపు నంబర్లు వదిలేసి నేరుగా రాసే పద్ధతి తెచ్చారు. పంటి నంబరుకి ముందు రూట్ల సంఖ్య, తర్వాత కెనాల్ దారి రాస్తారు. ఒకే రూట్ ఉన్న 44లో (కింది కుడి మొదటి ప్రీమోలార్) టైప్ 3 ఉంటే ¹44¹⁻²⁻¹. నా మట్టుకు రోజువారీ నోట్స్‌కి ఇదే హాయి. పరీక్షకి మాత్రం వెర్టూచి తప్పదు.

ఇంటి పని: ఈ మూడూ గీసి, వెర్టూచి టైపు రాసి, ఏపెక్స్ దగ్గర ఎన్ని దారులు మూయాలో పక్కన రాయండి. 31లో (కింది ఎడమ మధ్య ముందు పన్ను) 1-2-1. 15లో (పై కుడి రెండో ప్రీమోలార్) 2-1-2. 36లో మీసియల్ 2-1, డిస్టల్ 1. మూడోదానికి పై పద్ధతిలో కోడ్ కూడా రాయండి. జవాబులు నాలుగో పాఠం మొదట్లో ఉంటాయి. ఆ పాఠం కింది రెండో మోలార్‌లోని సీ ఆకారపు కెనాల్ గురించి.