మాత్రలు వాడినా నెల తప్పనప్పుడు: తర్వాతి అడుగు ఎలా నిర్ణయించుకోవాలి

హనుమకొండలోని సంతాన సాఫల్య కేంద్రాలకు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి తొలి బస్సుకు వచ్చే దంపతుల చేతి సంచిలో నెలల తరబడి రాసిన మందుల చిట్టీలు ఉంటాయి. మందులు పనిచేయలేదన్న మాట తప్ప, ఎక్కడ పనిచేయలేదో చెప్పే రిపోర్టు మాత్రం చాలాసార్లు ఆ సంచిలో ఉండదు. మందు మార్చాలా, డాక్టరును మార్చాలా, అండాన్ని, శుక్రకణాన్ని ల్యాబులో కలిపే ఐవీఎఫ్‌కు నేరుగా వెళ్లాలా అన్నది ఆ రిపోర్టును బట్టే తేలుతుంది కాబట్టి, ముందుగా దాన్ని సంపాదించుకోవాలి.

మొదట ఇచ్చే మందు సాధారణంగా క్లోమిఫీన్ లేదా లెట్రోజోల్. నెలసరి మొదలైన రెండో రోజుకూ ఐదో రోజుకూ మధ్య ప్రారంభించి ఐదు రోజులు వేసుకునే ఈ మాత్రల పని ఒక్కటే, అండం ఎదిగి విడుదలయ్యేలా చూడడం. అందువల్ల గర్భం సంగతి కాసేపు పక్కన పెట్టి, అండం విడుదలైందా లేదా అన్నది తేల్చుకోవాలి. ఫాలిక్యులర్ స్కాన్‌లో అండపు తిత్తి 18 నుంచి 20 మిల్లీమీటర్ల దాకా ఎదిగి, తర్వాతి స్కాన్‌లో పగిలినట్టు కనిపిస్తే అండం విడుదలైనట్టు భావిస్తారు. స్కానింగ్ కోసం ఒకే నెలలో మూడు నాలుగు సార్లు బస్సెక్కలేనివారు ప్రొజెస్టిరాన్ రక్తపరీక్ష గురించి అడగవచ్చు. మిల్లీలీటరుకు 3 నానోగ్రాములకు మించి ఉంటే ఆ నెల అండం విడుదలైందని అర్థం. దీన్ని 21వ రోజు పరీక్ష అంటారు గాని, నిజానికి తర్వాతి నెలసరికి ఏడు రోజుల ముందు చేయించాలి. 35 రోజులకోసారి నెలసరి వచ్చే స్త్రీకి అది 28వ రోజు అవుతుంది. అందరికీ 21వ రోజే చేసి, అండం రాలేదని తేల్చేయడం సరికాదు.

అండం విడుదల కాలేదని తేలితే దారి కొంత సులువు. క్లోమిఫీన్‌ను 50 మిల్లీగ్రాముల నుంచి 100కు, అవసరమైతే 150కు, లెట్రోజోల్‌ను 2.5 నుంచి 5కు, ఆపై 7.5కు పెంచుతారు. పీసీఓఎస్ (అండాశయాల్లో చిన్న తిత్తులు పేరుకుని అండం సరిగా విడుదల కాని సమస్య) ఉండి క్లోమిఫీన్ వాడుతున్నవారు లెట్రోజోల్‌కు మారడం గురించి తప్పక అడగాలి. అమెరికాలో 750 మంది పీసీఓఎస్ స్త్రీలపై జరిగి 2014లో వెలువడిన పరిశోధనలో, లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతం మందికి, క్లోమిఫీన్ వాడినవారిలో 19.1 శాతం మందికి బిడ్డ పుట్టింది. మన దేశంలో 2011లో సంతానం కోసం లెట్రోజోల్ వాడకాన్ని నిషేధించిన మాట నిజమే గాని, 2017లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. పాత వార్త చదివి భయపడనక్కరలేదు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్ల పరీక్షలు ఇంతవరకు చేయకపోతే ఇప్పుడు చేయించాలి. అధిక బరువు ఉన్నవారిలో 5 శాతం తగ్గినా, అంటే 80 కిలోలవారు 4 కిలోలు తగ్గినా, అండం విడుదల మెరుగుపడవచ్చు.

అండం నెలనెలా విడుదలవుతూనే ఉండి గర్భం రాకపోతే మాత్రం మోతాదు పెంచడంలో అర్థం లేదు. పైగా క్లోమిఫీన్ కొందరిలో గర్భాశయపు లోపలి పొరను పలుచన చేస్తుంది. ఆరు నెలల పాటు అండం విడుదలవుతున్నా గర్భం రాకపోయాక కూడా అదే మాత్రను కొనసాగించమంటే, ఎందుకని అడిగే హక్కు మీకుంది. నెలసరి మొదటి నుంచీ క్రమంగా వస్తూ, ఏ కారణమూ దొరకనివారికి మాత్రలు ఒక్కటే ఇవ్వవద్దని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2013లోనే చెప్పాయి.

ఇక్కడ ఉత్తర తెలంగాణకు సంబంధించిన ఒక మాట చెప్పాలి. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల్లో భర్త గల్ఫ్‌లో ఉండి, సెలవు మీద నెలా రెండు నెలలు మాత్రమే ఇంట్లో ఉండే కుటుంబాలు ఎన్నో. అతను లేని నెలల్లో వేసుకున్న మాత్రలను విఫలమైన ప్రయత్నాలుగా లెక్కించకూడదు. ఆ సంగతిని సిగ్గుపడకుండా డాక్టరుకు చెబితే, సెలవు తేదీలను బట్టి చికిత్సను అమర్చడానికో, అతను తిరిగి వెళ్లేలోపు వీర్యాన్ని శీతలీకరించి దాచడానికో వీలుంటుంది.

ఎక్కడున్నా, భర్త వీర్యపరీక్ష లేకుండా భార్యకు మందులు కొనసాగించడం నా దృష్టిలో అన్నింటికంటే పెద్ద పొరపాటు. మేడారంలో ఎత్తు బంగారం (నిలువెత్తు బెల్లం) మొక్కుకోవడానికి ఇద్దరూ కలిసి వెళ్తారు, ల్యాబుకు మాత్రం కోడలొక్కతే వెళ్తుంది. వీర్యం బయటికి పోకుండా రెండు నుంచి ఏడు రోజుల ఎడం పాటించి నమూనా ఇవ్వాలి; ఇంటి నుంచి తెస్తే గంటలోపు చేర్చాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 కొలతల ప్రకారం మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల శుక్రకణాలు, 42 శాతం కదలిక అన్నవి కనీస హద్దులు. వీర్యకణం తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, మధ్యలో తీవ్రమైన జ్వరం వచ్చి ఉంటే మూడు నెలల తర్వాత మళ్లీ చూడాలి. కండల కోసం టెస్టోస్టిరాన్ సూదులు వేసుకునేవారిలో శుక్రకణాల ఉత్పత్తి పూర్తిగా ఆగిపోవచ్చునని జిమ్ముకు వెళ్లే యువకులలో చాలామందికి తెలియదు.

ఆ తర్వాత, అండం ప్రయాణించే ట్యూబులు (అండవాహికలు) తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే ట్యూబు టెస్టు. నెలసరి రక్తస్రావం ఆగాక, నెలసరి మొదలైన పదో రోజులోపు రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. కాస్త నొప్పి ఉంటుంది. రెండు ట్యూబులూ మూసుకుపోయి ఉంటే ఎన్ని మాత్రలు వేసుకున్నా అండం, శుక్రకణం కలవవు. మన దేశంలో ట్యూబులు దెబ్బతినడానికి జననాంగాల క్షయ ఒక ముఖ్య కారణం కనుక డాక్టరు ఆ పరీక్ష కూడా రాయవచ్చు. క్షయ మందులు ప్రభుత్వ దవాఖానలో ఉచితం.

ట్యూబులు తెరుచుకుని, వీర్యం సాధారణంగానో స్వల్ప లోపంతోనో ఉంటే మాత్రలతో పాటు ఐయూఐని (శుద్ధి చేసిన వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి ఎక్కించడం) మూడు నాలుగు సార్లు ప్రయత్నించవచ్చు. మాత్రలకు అండాశయం అసలే స్పందించని పీసీఓఎస్‌లో తక్కువ మోతాదు హార్మోను సూదులు గాని, అండాశయానికి లాప్రోస్కోపీ ద్వారా సన్నని రంధ్రాలు చేసే డ్రిల్లింగ్ గాని తర్వాతి మెట్టు. రెండు ట్యూబులూ మూసుకుపోయినా, శుక్రకణాలు మరీ తక్కువగా ఉన్నా మధ్యలో ఆగకుండా ఐవీఎఫ్ గురించి మాట్లాడాలి. 35 ఏళ్లు దాటిన స్త్రీకి కాలమే అసలు ఖర్చు; ఆమె ఒక్కో మెట్టు దగ్గర ఆరు నెలలు గడపకూడదు. 2021 నాటి చట్టం ప్రకారం మొదటి స్థాయి కేంద్రాలు ఐయూఐ వరకే చేయాలి, ఐవీఎఫ్‌కు రెండో స్థాయి నమోదు ఉండాలి. కాబట్టి డబ్బు కట్టే ముందు నమోదు పత్రం చూపమని అడగండి. స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్లు దాటకూడదన్న హద్దు కూడా ఆ చట్టంలోదే.

హైదరాబాద్‌కు మారాలనుకుంటే ఫైలంతా వెంట తీసుకెళ్లండి. ఏ నెల ఏ మాత్ర, ఎంత మోతాదు, తిత్తి ఎంత ఎదిగింది, పొర మందం ఎంత, ఇవి ఒక నోటుపుస్తకంలో రాసి ఉంటే కొత్త డాక్టరు మళ్లీ మొదటి మాత్ర దగ్గర మొదలుపెట్టరు. కొత్త మందు మొదలుపెట్టే రోజే, ఎన్ని నెలలు చూసి ఆపుదామో కూడా డాక్టరుతో మాట్లాడి అదే పుస్తకంలో రాసుకోండి.

హార్మోను సూదులు మొదలుపెట్టే ముందు ఒక ఏర్పాటు తప్పనిసరి. ఎక్కువ తిత్తులు ఎదిగితే కవలలు, ముగ్గురు పుట్టే అవకాశంతో పాటు, అండాశయాలు ఉబ్బి కడుపులో నీరు చేరే ప్రమాదం ఉంది. ఆ నెల ప్రయత్నం ఆపమని డాక్టరు చెబితే నిరాశ కలిగినా ఆపాలి. కడుపు వేగంగా ఉబ్బడం, ఆగని వాంతులు, ఆయాసం, మూత్రం తగ్గడం కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకూడదు. ఏటూరునాగారం వంటి దూరపు ఊళ్లలో ఉండేవారు రాత్రిపూట ఫోను ఎత్తే నంబరును, ఎక్కడికి చేరాలో ఆ దవాఖాన పేరును మొదటి సూది వేయించుకునే రోజే రాసి ఇంట్లోవాళ్లకు ఇవ్వాలి.