ఇంజెక్షన్ బండి కరెంటు పని, 4వ పాఠం: బీప్ కొట్టినంత మాత్రాన వైరు మంచిది కాదు

పోయిన పాఠంలో ఫ్యూజులు, మెయిన్ రిలే, పంపు రిలే చూశాం. రిలే కింద ఉండే 30, 85, 86, 87 కాళ్లలో ఏది ఏం చేస్తుందో బొమ్మ చూడకుండా చెప్పగలిగితే ముందుకు రండి. చెప్పలేకపోతే వెనక్కి వెళ్లి ఇంకో గంట దాని మీదే కూర్చోండి, ఈ పాఠం ఎక్కడికీ పోదు. ఈసారి మనం చూసేది ఒక్క ఇంజెక్టర్ (ఇంజన్‌కు పెట్రోల్ చిమ్మే పార్టు), దానికి వచ్చే రెండు వైర్లు, అంతే. రెండు వైర్లకు ఇంత పెద్ద పాఠం ఎందుకంటే, పార్టుల మీద పార్టులు మార్పించి డబ్బు పోగొట్టుకుని నా దగ్గరికి వచ్చిన చాలామంది కష్టం చివరికి ఇక్కడే తేలింది.

ముందే ఒక జాగ్రత్త. ఇది మామూలు ఎంపీఎఫ్ఐ పెట్రోల్ బండ్ల పాఠం, అంటే సిలిండర్‌కు ఒక ఇంజెక్టర్ చొప్పున ఉండేవి. డీజిల్ కామన్ రైల్ బండ్లలో, సిలిండర్లోకే నేరుగా పెట్రోల్ కొట్టే కొత్త ఇంజన్లలో ఇంజెక్టర్లకు వెళ్లేది 12 వోల్టులు కాదు, చాలా ఎక్కువ. వాటి కప్లర్లలో, అంటే వైర్లు తగిలించే ప్లాస్టిక్ కనెక్టర్లలో, సూదులు గుచ్చొద్దు.

ఇక బండి సంగతి. భక్తులను కొండకు తిప్పే నాలుగు సిలిండర్ల పెట్రోల్ ట్యాక్సీ. డ్రైవర్ తమ్ముడు చెప్పిన మాట ఇది: "రేణిగుంట రోడ్డులో ఎంత తోలినా ఏమీ లేదునా. కొండెక్కేటప్పుడు, అదీ మలుపు కాడ సెకండ్ గేర్ వేసి తొక్కితేనే మిస్సింగ్ కొడతా ఉండాది. దిగేటప్పుడు మళ్లీ బాగుంటాది." అంతకుముందు వేరే షెడ్డులో ప్లగ్గులు మార్చారు, స్పార్క్ ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ మార్చారు, స్కానర్‌లో పి0203 వచ్చిందని మూడో ఇంజెక్టర్ కూడా కొత్తది వేశారు. మళ్లీ అదే కోడ్. ఆ తమ్ముడికి ఒక్కరోజు బండి ఆగితే ఆ రోజు సంపాదన లేనట్టే, పైగా యాత్రికులను ఎక్కించుకుని ఘాట్ రోడ్డు మధ్యలో ఆగిపోతుందేమోనన్న టెన్షన్ వేరే.

అతను చెప్పిన మాటలోనే సగం జవాబు ఉంది. ఎక్కేటప్పుడు మాత్రమే అంటే ఏం మారుతోంది? ఇంజన్ మీద బరువు పడుతోంది, వేడి పెరుగుతోంది, గట్టిగా తొక్కినప్పుడు ఇంజన్ తన మౌంటింగుల మీద ఒక పక్కకు ఒరుగుతోంది. కస్టమర్ మాట పూర్తిగా వినకుండా బానెట్ ఎత్తకండి అని మొదటి పాఠంలోనే చెప్పాను, ఇంకో పదిసార్లు చెబుతాను.

పి0203 అంటే మూడో సిలిండర్ ఇంజెక్టర్ సర్క్యూట్‌లో తేడా ఉందని. ఇంజెక్టర్ పోయిందని కాదు. 0201 ఒకటో సిలిండర్‌ది, 0202 రెండోది, అలా. సర్క్యూట్ అంటే రిలే నుంచి వచ్చే 12 వోల్టుల వైరు, ఇంజెక్టర్ లోపలి కాయిల్, అక్కడి నుంచి ఈసీఎంకు (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ డబ్బాకు) వెళ్లే వైరు, ఈసీఎం లోపలి స్విచ్, దాని ఎర్త్. తాళం ఆన్‌లో ఉంటే ఇంజెక్టర్‌కు ప్లస్ రిలే నుంచే వస్తుంది, ఈసీఎం చేసే పనల్లా రెండో వైరును ఎర్త్‌కు తగిలించి వదలడమే. ఇది బుర్రలో గట్టిగా కూర్చోవాలి, ఎందుకంటే చాలామంది ఈసీఎం నుంచి ప్లస్ వస్తుందనుకుని అక్కడ వోల్టేజీ వెతుకుతూ కూర్చుంటారు.

షెడ్డులో మొదటి విడత పరీక్షలు ఇలా చేశాను. తాళం ఆఫ్ చేసి నాలుగు ఇంజెక్టర్ల కప్లర్లు తీసి కాయిళ్ల రెసిస్టెన్స్ చూశాను: 14.2, 14.1, 14.3, 14.2 ఓమ్‌లు. ఈ రకం ఇంజెక్టర్లకు 12 నుంచి 16 మధ్య ఉండటం మామూలే, అయినా నేను అంకె కన్నా పక్కవాటితో పోలికే ఎక్కువగా చూస్తాను, మీరూ అలాగే చూడండి. ఇంజన్ బాగా వేడిగా ఉన్నప్పుడు చూస్తే అదే కాయిల్ 17, 18 చూపించొచ్చు. రాగి తీగ డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున రెసిస్టెన్స్ పెంచుకుంటుంది, 70 డిగ్రీలు పెరిగితే పావు వంతుకు పైగా పెరిగినట్టే. అది ఫాల్ట్ కాదు. మన మే నెల ఎండలో నిలబెట్టిన బండికీ, డిసెంబరు పొద్దున చూసిన బండికీ రీడింగులు వేరుగా వస్తే కంగారు పడొద్దు.

తర్వాత తాళం ఆన్ చేసి మూడో కప్లర్‌లో ప్లస్ చూశాను, బ్యాటరీ నెగటివ్‌తో కొలిస్తే 12.4 వచ్చింది, బాగుంది. కప్లర్‌లో ఎల్ఈడీ టెస్ట్ లైటు పెట్టి సెల్ఫ్ కొడితే చక్కగా మిణుకుమిణుకుమంది. మీటర్‌ను కంటిన్యుటీలో, అంటే వైరు తెగకుండా ఉంటే బీప్ కొట్టే మోడ్‌లో పెట్టి మూడో ఇంజెక్టర్ నుంచి ఈసీఎం దాకా వైరు చూస్తే బీప్ కొట్టింది. అన్నీ పాస్. బండి మాత్రం కొండెక్కితే ఫెయిల్.

ఇక్కడే నిదానించాలి, పాఠం మొత్తానికి ముఖ్యమైన చోటు ఇదే. చాలా మీటర్లు వైరులో 30 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉన్నా బీప్ కొడతాయి. మరి మన ఇంజెక్టర్ వైరులో 14 ఓమ్‌లు చేరినా ఎంత పెద్ద తేడానో లెక్క వేయండి. ఇంజన్ తిరుగుతున్నప్పుడు చార్జింగ్ 14 వోల్టులు, కాయిల్ 14 ఓమ్‌లు, అంటే 1 ఆంపియర్ పారాలి. వైరులో ఎక్కడో చిలుము పట్టి ఇంకో 14 ఓమ్‌లు చేరాయనుకోండి, మొత్తం 28, కరెంటు అర ఆంపియర్‌కు పడిపోతుంది, ఇంజెక్టర్‌కు మిగిలేది 7 వోల్టులే. ఇంజెక్టర్ లోపల పెట్రోల్‌ను ఆపి ఉంచే సూది లేటుగా లేస్తుంది, ఒక్కోసారి లేవనే లేవదు. అదే వైరులో ఎల్ఈడీ లైటు పెడితే అది తాగేది 0.02 ఆంపియర్ మాత్రమే, ఆ 14 ఓమ్‌ల దగ్గర పోయేది పావు వోల్టు పైచిలుకు, కాబట్టి లైటు బ్రహ్మాండంగా వెలుగుతుంది. మీటర్ పంపే కరెంటు ఇంకా తక్కువ. పది పోగుల్లో తొమ్మిది తెగిపోయి ఒక్కటి మిగిలినా మీటర్‌కు అది మంచి వైరే.

అయితే ఇంజన్ నడుస్తుండగానే వోల్టేజీ డ్రాప్, అంటే వైరులో పోయే వోల్టులు, కొలవొచ్చు కదా అంటారు. ఇంజెక్టర్ దగ్గర మామూలు మీటర్‌తో అది కుదరదు. 800 ఆర్‌పీఎంలో ఒక్కో ఇంజెక్టర్‌కు వంతు వచ్చేది 150 మిల్లీసెకన్లకు ఒకసారి, అది తెరుచుకుని ఉండేది సుమారు 3 మిల్లీసెకన్లు. మీటర్ ఆ మొత్తాన్ని కలిపి సగటు చూపిస్తుంది, మన ఫాల్ట్ అందులో కలిసిపోతుంది. స్కోప్ (వోల్టేజీని క్షణక్షణం గీతగా చూపించే పరికరం) ఉన్నవాళ్లకు కనబడుతుంది. లేనివాళ్లకు ఇండికేటర్ బల్బు చాలు.

పద్ధతి చెబుతాను, తొందరపడకుండా చదవండి. తాళం ఆఫ్ చేసి బ్యాటరీ నెగటివ్ తీయండి. ఈసీఎం కప్లర్ తీయండి, ఇంజెక్టర్ కప్లర్ తీయండి. ఇప్పుడు ఆ కంట్రోల్ వైరు రెండు కొసలా విడిగా ఉంది, దాంట్లో ఏం పంపినా ఈసీఎంకు తగలదు. ఈ రెండు కప్లర్లలో ఒక్కటి తీయడం మరిచిపోయినా ఈసీఎం కాలిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి చేత్తో పట్టుకుని చూసుకోండి. తర్వాత నెగటివ్ పెట్టి, బ్యాటరీ ప్లస్ నుంచి 3 ఆంపియర్ ఫ్యూజు ఉన్న ఒక వైరుతో ఈసీఎం వైపు కొసకు కరెంటు ఇవ్వండి. ఇంజెక్టర్ వైపు కొసకు 21 వాట్ల బల్బు తగిలించి, బల్బు రెండో కాలు బ్యాటరీ నెగటివ్‌కు. పెట్రోల్ వాసన ఏమాత్రం వచ్చినా ఈ పని మొదలుపెట్టొద్దు, తగిలించేటప్పుడు చిన్న నిప్పురవ్వ పడుతుంది. కప్లర్ పిన్నుల్లో లావు ప్రోబ్ దూర్చొద్దు, పిన్ను వెడల్పయితే రేపు అదే కొత్త లూజ్ కాంటాక్ట్. సన్నని గుండుసూది సరిపోతుంది.

బల్బు 1.75 ఆంపియర్లు లాగుతుంది, ఇంజెక్టర్ కన్నా ఎక్కువే, వైరుకు నిజమైన పని పడినట్టు. ఇప్పుడు మీటర్‌ను వోల్టులలో పెట్టి ఒక ప్రోబ్ వైరు ఈ కొసకు, ఇంకోటి ఆ కొసకు. మంచి వైరయితే 0.2, మహా అయితే 0.3 వోల్టులు. ఈ బండిలో 0.3 వచ్చింది, బల్బూ బాగానే వెలిగింది. అక్కడితో వదిలేస్తే నేనూ దొరకలేదని పంపేసేవాణ్ణి. కానీ ఇంజన్ ఒరిగినప్పుడే కదా కంప్లయింటు. హార్నెస్ మొత్తాన్ని, అంటే టేపు చుట్టిన వైర్ల కట్టను, ఇంజెక్టర్ దగ్గర మొదలుపెట్టి బెత్తెడు బెత్తెడు చొప్పున వంచుతూ, లాగుతూ వచ్చాను, కన్ను మీటర్ మీదే. ఇంజన్ వెనక బ్రాకెట్ దగ్గరికి వచ్చేసరికి బల్బు మసకబారింది, రీడింగ్ 5 వోల్టులకు ఎగిరింది. వదిలితే మళ్లీ 0.3.

టేపు విప్పితే తొడుగు పైకి మామూలుగానే కనిపించింది. మెల్లగా వంచితే ఆ ఒక్కచోట మెత్తగా, లోపల ఎముక లేనట్టుగా వంగింది. కోసి చూస్తే పోగులన్నీ తెగి రెండో మూడో మిగిలాయి, మిగతాదంతా పచ్చని చిలుము. బ్రాకెట్ క్లిప్పు ఎప్పుడో విరిగిపోయింది, ఇంజన్ మౌంటింగ్ రబ్బరు అరిగిపోయింది, అందుకే గట్టిగా తొక్కిన ప్రతి మలుపులో ఇంజన్ ఒరిగి ఆ వైరును గుంజుతోంది. దిగేటప్పుడు ఆ గుంజుడు లేదు, ఫాల్టూ లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే వానలకు తొడుగు పగుళ్లలోంచి తడి దిగితే చిలుము ఇంకా వేగంగా పాకుతుంది.

రాగి మెరిసే దాకా రెండు వైపులా కోసి, అదే మందం వైరు ముక్క వేసి, క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి ప్లయర్‌తో గట్టిగా నొక్కి), లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ వేశాను. సోల్డర్ వేసినా తప్పు లేదు, కానీ సోల్డర్ ఆగిన చోట వైరు బిరుసెక్కి మళ్లీ అక్కడే విరుగుతుంది, కదిలే చోట నేను క్రింపే ఇష్టపడతాను. వైరుకు కొంచెం వదులు ఇచ్చి కొత్త క్లిప్పు వేశాను, మౌంటింగ్ మార్పించాను. అది మార్చకపోతే ఆరు నెలల్లో పక్క వైరు తెగేది. కోడ్ తుడిచేసి, అన్నీ బిగించాక మళ్లీ అదే చోట కట్టను గుంజుతూ ఇంజన్ నడిపి చూశాను. మర్నాడు అతను నిండా మనుషులతో ఎక్కి, పైనుంచే ఫోన్ చేశాడు: "ఒక్క జర్క్ కూడా లేదునా."

వచ్చే పాఠంలోగా మీరు చేయాల్సిన పని ఒకటుంది. మీ బండి ఇంజన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు, ఏసీ ఆన్ చేసి, మీటర్ ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కు, ఇంకోటి ఇంజన్ మీద శుభ్రంగా ఉన్న ఇనుప చోటుకు పెట్టి ఎన్ని వోల్టులు చూపిస్తోందో నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత అదే కొలత బ్యాటరీ నెగటివ్‌కూ బాడీకీ మధ్య. 0.2 దాటితే ఆ ఎర్త్ వైరు రెండు కొసలూ విప్పి, గీకి, బిగించి మళ్లీ కొలిచి రెండు అంకెలూ పక్కపక్కన రాయండి. సెన్సర్లకు వెళ్లే 5 వోల్టుల వైరు 5వ పాఠంలో మొదలుపెడతాం, అక్కడ ఈ ఎర్త్ అంకెలే ముందుగా కావాలి.