ముందు చక్రాలు తేలితే ముందు క్లచ్: ట్రాక్టర్ తిరగబడే గుర్తులు, కారణాలు, చేయాల్సిన పనులు

గొట్టా బ్యారేజీ నుంచి వంశధార కాలువలకు నీళ్ళు వదిలితే చాలు, మా వైపు దమ్ములు మొదలవుతాయి. ట్రాక్టర్లు తిరగబడేదీ ఆ రోజుల్లోనే. చెప్పాపెట్టకుండా పడిపోయిందంటారు గానీ, చాలాసార్లు బండి ముందే చెబుతుంది. రోజూ ఉండేదే కదా అని మనమే పట్టించుకోం.

దమ్ములో స్టీరింగ్ తేలికైపోయింది, ముందు చక్రాలు లేస్తున్నాయి

అన్నిటికంటే చెడ్డ గుర్తు ఇదే. వెనక చక్రాలు బురదలో దిగబడి తిరగలేకపోతున్నాయి. ఇంజన్ బలం ఎటో ఒకవైపు పోవాలి కదా. చక్రం తిరగకపోతే ఇరుసు చుట్టూ బండే తిరుగుతుంది. ముక్కు పైకి లేచి, వెనక్కి బోర్లాపడి డ్రైవర్ మీదకే వస్తుంది. మొత్తం ఒకటిన్నర సెకను పని. అందులో సగం గడిచేసరికే ఆపే అవకాశం పోతుంది. 'లేస్తే దూకేస్తాం' అనేవాళ్ళు ఈ లెక్క ఎప్పుడూ వేసుకోలేదు.

ముక్కు లేస్తోందని తెలిసిన క్షణంలో క్లచ్ పూర్తిగా తొక్కాలి. మిగతావన్నీ తర్వాత.

ఇరుక్కున్న బండిని తీయడానికి వెనక చక్రాలకు దుంగ కట్టి మొదటి గేరులో లాగించడం మన పొలాల్లో మామూలే. "ఏటౌతాది బాబూ, ఎన్నిసార్లు తియ్యలేదూ" అంటారు. దుంగ నేలకు తన్నుకుని ఆగిందా, చక్రానికి తాళం పడినట్టే. అప్పుడు లేచేది ముక్కే. ముందు రివర్స్ వేసి చూడండి. రివర్స్‌లో అదే బలం ముక్కును కిందకు నొక్కుతుంది. రాకపోతే చక్రాల వెనక మట్టి తవ్వండి. అప్పటికీ కదలకపోతే గట్టి నేల మీద ఇంకో బండిని నిలబెట్టి నెమ్మదిగా లాగించాలి. లాగే బండికి గొలుసు డ్రాబార్‌కే, అంటే వెనక కింద ఉండే లాగుడు కడ్డీకే కట్టాలి. టాప్ లింక్ (పనిముట్టును పై నుంచి పట్టే కడ్డీ) దగ్గరో, ఇరుసుకో కడితే సాయానికి వచ్చిన బండే తిరగబడుతుంది.

పొడి నేల మీద వెనక తగిలించిన రోటోవేటర్ (మట్టిని గుల్లచేసే పనిముట్టు) ఎత్తగానే స్టీరింగ్ తేలికవుతుంటే ముందు బరువు చాలడం లేదని అర్థం. ముందు తగిలించే కంపెనీ బరువు దిమ్మలు పెట్టించండి. బంపర్ మీద ఇద్దరు కుర్రాళ్ళను నిలబెట్టకండి, జారితే వాళ్ళు పడేది చక్రాల కిందే. మడిలోంచి నిటారు గట్టు ఎక్కాల్సి వస్తే పారతో గట్టును వాలుగా కొట్టుకోండి, లేదా రివర్స్‌లో ఎక్కండి.

కాలువ గట్టు మీద ఒక పక్కకు కుంగుతోంది

నీళ్ళు తాగిన గట్టు పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపల మెత్తబడి ఉంటుంది. కాలువ ఎంత లోతుంటే అంచు నుంచి కనీసం అంత దూరంలో నడపాలి. అంత వెడల్పు లేని గట్టు మీదకు తొట్టి (ట్రైలర్)తో వెళ్ళకపోవడమే మంచిది.

బ్రేక్ తొక్కితే బండి పక్కకు తిరిగిపోతోంది

ముందు రెండు బ్రేక్ పెడళ్ళను కలిపే లాక్ చూడండి. దుక్కిలో మలుపు కోసం దాన్ని విడదీసి, అలాగే రోడ్డెక్కేస్తారు. అప్పుడు బ్రేక్ ఒక చక్రానికే పడుతుంది. వేగంలో ఉంటే బండి గిర్రున తిరిగి పడిపోతుంది. లాక్ సరిగానే ఉన్నా లాగుతుంటే రెండు పెడళ్ళ ఆట (బ్రేక్ పట్టేలోపు పెడల్ ఖాళీగా దిగే దూరం) సమానంగా లేదు, లేదా ఒక బ్రేకుకు ఆయిల్ తగిలింది. మెకానిక్ చూశాకే రోడ్డెక్కండి.

దిగుడులో తొట్టి వెనక నుంచి తోస్తోంది

కారణం బరువు, న్యూట్రల్. సాలూరు 2022లో మన్యం జిల్లాలోకి వెళ్ళింది గానీ ఘాట్ రోడ్డు దిగుడు మాత్రం మారలేదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగితే పట్టు మొత్తం బ్రేకుల మీదే పడుతుంది. దిగుడు మొదలవక ముందే చిన్న గేరు వేసుకోవాలి, మధ్యలో క్లచ్ తొక్కకూడదు. మలుపుల్లో ఇంకో లెక్కుంది. వేగం రెండింతలైతే బయటకు నెట్టే బలం నాలుగింతలు అవుతుంది. ఎత్తుగా చెరకు వేసుకున్న తొట్టికి అది చాలు.

టాప్ ఉంది కదా, బోర్లా పడితే కాపాడదా?

కాపాడదు. రేకు టాప్ ఎండను ఆపుతుంది, టన్నుల బరువును ఆపలేదు. ఆపేది సీటు వెనక ఛాసిస్‌కు బిగించిన రోల్‌బార్ అనే గట్టి చట్రం. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు దీన్ని తప్పనిసరి చేసింది. మన ఊళ్ళలో తిరిగే పాత బళ్ళలో చాలావాటికి ఇది ఉండదు. కొనేటప్పుడు అడగండి. పాత బండికైతే ఆ మోడల్‌కు పరీక్షించిన రోల్‌బార్ దొరుకుతుందేమో డీలర్ దగ్గర కనుక్కోండి.

రోల్‌బార్ ఉన్నవాళ్ళు చేసే తప్పు మరొకటి. ఉద్దానంలో జీడిమామిడి కొమ్మలు తగులుతున్నాయని బార్‌ను మడుస్తారు. అది సరే, తోట దాటాక ఎత్తరు. మడిచిన బార్ ఉన్నా లేనట్టే.

బార్ నిలబడి ఉంటే సీట్ బెల్ట్ పెట్టుకోవాలి. లేకపోతే డ్రైవర్ బయటకు పడి ఆ బార్ కిందే నలిగిపోవచ్చు. బార్ లేకపోయినా, మడిచి ఉన్నా బెల్ట్ పెట్టుకోకూడదు, పడే బండికి మనల్ని మనమే కట్టేసుకున్నట్టు అవుతుంది. ఇక మడ్‌గార్డ్ మీద కూర్చునే బావమరిదికి బార్ ఉన్నా, లేకపోయినా ఒకటే. ఎక్కించుకోకండి.

రోల్‌బార్‌కు దీపాల కోసమో, గొడుగు కోసమో రంధ్రాలు వేయించకండి. తుప్పు తిన్నదాన్ని, వంగినదాన్ని వెల్డింగ్ షాపులో సరిచేయించకండి. ఒకసారి బోర్లా పడిన బండి బార్ చూడ్డానికి బాగానే ఉన్నా తీసేసి కొత్తది వేయించండి, బోల్టులతో సహా.