గదిలో రైలుబండి – మూడో పాఠం: పట్టాలు కొనేటప్పుడు డబ్బు ఎక్కడ పెట్టాలి?

పోయిన పాఠంలో ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ బల్లకు సరిపడా బొమ్మ రైలు దారి గీసుకున్నాం. ఒక వలయం, స్టేషన్ దగ్గర పక్కకు చీలి మళ్లీ కలిసే ఒక లూప్ లైను, చివర ఆగిపోయే ఒక గూడ్స్ లైను, మొత్తం మూడు పాయింట్లు, అంటే బండి దారి మార్చే పట్టా ముక్కలు. ఆ కాగితం ముందు పెట్టుకోండి, ఈ రోజు దాని మీదికి పట్టాలు ఎంచుకుందాం.

కొత్తవాళ్లు ఎక్కువమంది ఉన్న డబ్బంతా ఇంజన్ మీద పోసి, మిగిలిన చిల్లరతో పట్టాలు కొంటారు. నేనూ అదే చేశాను. ఎవరో వదిలించుకుంటున్న పాత పట్టాల పెట్టె చవకగా దొరికిందని సంబరపడి కాకినాడలోని ఇంటికి తెచ్చుకున్నాను. ఒక్క వానాకాలం గడిచేసరికి వాటి మీద ఎర్రటి పొడి లేచింది. ఇంజన్ జానెడు దూరం నడిచి ఆగేది, వేలితో తడితే మళ్లీ కదిలేది. లోపం ఇంజన్‌లోనే ఉందనుకుని రెండు నెలల పాటు దాన్ని విప్పుతూ బిగిస్తూ కూర్చున్నాను. బొమ్మ రైలుకు పట్టా దారి మాత్రమే కాదు, కరెంటు తీగ కూడా. చక్రం పట్టాను తాకే ఆ సూదిమొనంత చోటు నుంచే మోటారుకు కరెంటు అందాలి. ఆ సంగతి నాకు అప్పటికి తట్టలేదు.

అందుకే మొదట చూడవలసింది లోహం. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్లండి. పట్టాకు అది అతుక్కుంటే ఉక్కు, అక్కడే వదిలేయండి. మన కోస్తా గాలికి అది నిలవదు. అతుక్కోకపోతే రంగు చూడండి. పసుపుపచ్చగా ఉంటే ఇత్తడి. కరెంటును బాగానే మోస్తుంది గానీ త్వరగా నల్లబడుతుంది, తరచూ తుడుస్తూ ఉండాలి. తెల్లగా, కొద్దిగా పసుపు ఛాయతో మెరిస్తే నికెల్ సిల్వర్. పేరు కొత్తగా అనిపించవచ్చు గానీ వస్తువు కొత్తది కాదు. పూజ సామాన్ల దుకాణంలో జర్మన్ సిల్వర్ అని అడిగే మిశ్రమ లోహం పేరే ఇది. రాగి, నికెల్, జింకు కలిపి చేస్తారు, వెండి రవ్వంత కూడా ఉండదు. తుప్పు పట్టదు, ఇత్తడి కంటే ఆలస్యంగా మసకబారుతుంది. మనం కొనవలసింది ఇదే. ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు పెట్టి పట్టాలు తోమాలన్న ఆలోచన వద్దు. ఉప్పు కాగితం అసలే వద్దు. అది చేసిన గీతల్లో మురికి ఇల్లు కట్టుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన నూలు గుడ్డ చాలు.

తరువాత కొలతలు. మనది హెచ్‌ఓ, అంటే అసలులో 87వ వంతు. పట్టాల లోపలి అంచుల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. బ్రిటన్‌లో ఎక్కువగా వాడే ఓఓ బండ్లు 76వ వంతు పరిమాణంలో ఉన్నా ఇదే వెడల్పు పట్టాల మీద నడుస్తాయి కనుక ఆ పట్టాలూ మనకు పనికివస్తాయి. నిజానికి ఈ వెడల్పు మన రైలుకు సరిపోదు. భారతీయ బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, దాన్ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. ఆ కొలతకు పట్టాలు కావాలంటే ప్రతి చక్రమూ ప్రతి పాయింటూ సొంతంగా చేసుకోవాలి. ఆ పంతం ఇప్పుడు వద్దు, దాదాపు మూడు మిల్లీమీటర్ల అబద్ధాన్ని కన్ను త్వరలోనే క్షమిస్తుంది. చిన్న రైలు మీద మోజున్నవారికి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. ఒకప్పుడు నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ వెళ్లిన బండి 762 మిల్లీమీటర్ల గేజిది. 87తో భాగిస్తే 8.8 కూడా రాదు. హెచ్‌ఓ కంటే చిన్న బొమ్మ రైళ్ల కోసం బజారులో దొరికే ఎన్ గేజి పట్టా 9 మిల్లీమీటర్లు. స్లీపర్లు, అంటే పట్టాల కింది అడ్డ దిమ్మలు, మరీ దగ్గరగా ఉంటాయి, మధ్యమధ్య కొన్ని తీసేస్తే సరి.

పెట్టె మీద కోడ్ 100, కోడ్ 83, కోడ్ 75 అని కనిపిస్తుంది. అది పట్టా ఎత్తు, అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. కోడ్ 100 అంటే 2.54 మిల్లీమీటర్లు, కోడ్ 75 అంటే 1.9. తక్కువ ఎత్తు పట్టా చూడ్డానికి అసలు దానిలా అందంగా ఉంటుంది. కానీ పాత బండ్ల చక్రాల అంచులు లోతుగా ఉంటాయి, తక్కువ ఎత్తు పట్టా మీద అవి స్లీపర్ల పైనున్న ప్లాస్టిక్ పట్టీలకు తగిలి టకటకమంటాయి. మొదటి బల్లకు కోడ్ 100 తీసుకోండి. పాత బండ్లనూ కొత్త బండ్లనూ అది మోస్తుంది, కంకర పోసి పట్టా పక్కలకు గోధుమ రంగు పూస్తే ఎత్తు తేడా అంతగా తెలియదు.

ఇక ముక్కలు. పెట్టెలతో వచ్చే గట్టి ముక్కలను సెట్ ట్రాక్ అంటారు. హార్న్‌బీ, పెకో కంపెనీల సెట్ ట్రాక్‌లో రెండో సైజు వంపు వ్యాసార్ధం 438 మిల్లీమీటర్లు. 45 డిగ్రీల ముక్కలు ఎనిమిది కలిపితే వృత్తం పూర్తవుతుంది, అంటే ఎనిమిది అతుకులు. ప్రతి అతుకూ కరెంటు జారిపోగల చోటే. వంగే పట్టా, అంటే ఫ్లెక్సిబుల్ ట్రాక్, గజం ముక్కలుగా వస్తుంది, 914 మిల్లీమీటర్లు. అదే వృత్తం చుట్టుకొలత దాదాపు 2.75 మీటర్లు, మూడు గజాలూ మరో చిన్న ముక్కా చాలు. అతుకులు సగానికి తగ్గుతాయి. అడుగుకు లెక్క వేస్తే ధర కూడా సాధారణంగా సెట్ ట్రాక్ కంటే తక్కువే. పొదుపూ నమ్మకమూ ఒకే చోట దొరకడం ఈ వ్యాపకంలో అరుదు, వదులుకోకండి. ఒక చిక్కు ఉంది. వంపులో అతుకు వస్తే అక్కడ మోచేయిలా విరుపు తేలుతుంది. రెండు ముక్కలను తిన్నగా ఉన్నప్పుడే కలిపి, అతుకుకు టంకం పెట్టి, చల్లారాక వంచండి. వంచినప్పుడు లోపలి పట్టా ముందుకు పొడుచుకు వస్తుంది, దాన్ని సన్న పళ్ల రంపంతో కోసి ఆకురాయితో అంచు నున్న చేయాలి. కటింగ్ ప్లయరుతో కొరికితే పట్టా కొన నలిగిపోతుంది.

ప్రతి సాయంత్రం విప్పి మంచం కింద దాచుకునేవారికి ఈ సలహా వర్తించదు. వాళ్లు కంకర దిమ్మతో సహా వచ్చే కాటో యూనిట్రాక్ వంటివి కొనడమే మేలు. మార్క్లిన్ సి ట్రాక్ చవకగా కనిపిస్తే తొందరపడకండి. అది మధ్యలో చిన్న మొలల ద్వారా కరెంటు అందించే మూడో వరస పద్ధతి, మన రెండు పట్టాల ఇంజన్లు దాని మీద నడవవు.

పొదుపు ఇక్కడితో ఆపండి. పాయింట్ల దగ్గర చేయి ముడుచుకుంటే బండి అక్కడే మొరాయిస్తుంది. ఒక మంచి పాయింటు ధరకు రెండు మూడు గజాల పట్టా వస్తుంది, అందుకే మనసు వెనక్కి లాగుతుంది. రెండు దారులు కోసుకునే వి ఆకారపు ముక్కను ఫ్రాగ్ అంటారు. అది ప్లాస్టిక్‌దైతే అక్కడ కరెంటు ఉండదు. పొడవాటి ఇంజన్ దాటేస్తుంది, నాలుగు చక్రాల చిన్న షంటింగ్ ఇంజన్ మాత్రం సరిగ్గా దాని మీదే నిలబడుతుంది. ఫ్రాగ్ లోహపుదైతే దారి మారినప్పుడల్లా దాని కరెంటు కూడా మారాలి, అందుకు ఒక స్విచ్ కావాలి. శ్రమ ఎక్కువే అయినా నా ఓటు లోహానికే. పెకో స్ట్రీమ్‌లైన్ పాయింట్లలో నాలుక పట్టాలను, అంటే దారి మార్చడానికి కదిలే మొన పట్టాలను, ఏదో ఒక పక్కకు నొక్కి పట్టే స్ప్రింగ్ ఉంటుంది, మోటారు లేకుండా వేలితోనే మార్చుకోవచ్చు. మోటార్ల ఖర్చు వాయిదా పడింది కదా, ఆ డబ్బు మంచి పాయింటుకు మళ్లించండి.

నికెల్ సిల్వర్‌వైతే సెకండ్‌హ్యాండ్ పట్టాలు నిశ్చింతగా కొనండి, సెకండ్‌హ్యాండ్ పాయింట్లు మాత్రం పరీక్షించకుండా వద్దు. మల్టీమీటరును కరెంటు దారి ఉంటే బీప్ అనే అమరికలో పెట్టి, ఒక మొన నాలుక మీద, ఇంకో మొన అది ఆనిన పట్టా మీద ఉంచండి. నాలుకను రెండు వైపులకూ పదేసి సార్లు తిప్పండి. ఒక్కసారి బీప్ రాకపోయినా బేరం ఆపేయండి. తరువాత ఒక బోగీని వేలి బరువుతో నెడుతూ దాటించండి, ఎక్కడ తడబడిందో వేలికే తెలుస్తుంది.

ఫిష్‌ప్లేట్లు, అంటే పట్టాల కొనలను కలిపే చిన్న లోహపు ముక్కలు, పట్టాలను వరసలో నిలుపుతాయి, కరెంటు విషయంలో మాత్రం వాటిని నమ్మకండి, ఏడాదికో రెండేళ్లకో వదులవుతాయి. ప్రతి గజం ముక్కకూ కింది నుంచి సొంతంగా రెండు సన్న తీగలు టంకం పెట్టి, బల్ల అడుగున నడిచే లావు తీగలకు కలపండి. ఇంటి వైరింగులో మిగిలిన 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ ఇందుకు భేషుగ్గా సరిపోతుంది. టంకం పెట్టని అతుకుల్లో సందు వదలండి. జనవరి ఉదయానికీ మే మధ్యాహ్నానికీ గదిలో ఇరవై డిగ్రీల తేడా ఉంటే గజం పట్టా మిల్లీమీటరులో మూడో వంతు సాగుతుంది. చలికాలంలో పరిచేవారు సందులో విజిటింగ్ కార్డు దూర్చి కొలుచుకోండి. మే నెలలో పరిచేవారికి ఆ బెంగ లేదు.

అభ్యాసం: మీ కాగితంలోని గీతల వెంబడి దారం పరచి పొడవు కొలవండి, కాగితం కొలతను అసలు కొలతకు పెంచండి, పాయింట్ల పొడవు తీసివేయండి, మిల్లీమీటర్లలో వచ్చినదాన్ని 914తో భాగించండి. దానికి కోతల్లో పోయే ఒక ముక్క కలపండి. మూడు పాయింట్ల ధర ముందు పక్కన పెట్టి, మిగిలిన డబ్బుకు ఈ సంఖ్య సరిపోతుందో లేదో చూడండి. సరిపోకపోతే గూడ్స్ లైను తరువాత వేసుకోవచ్చు, కానీ దాని పాయింటు మాత్రం ఇప్పుడే దారిలో కూర్చోబెట్టండి. పరిచిన పట్టా కోసి పాయింటు దూర్చడం ఎంత తలనొప్పో నాలుగో పాఠంలో ఫ్రాగ్‌కు తీగ కలిపేటప్పుడు చూస్తారు.